పంటు మీద పదకొండు సెకన్లు

నరసాపురంలో పాత క్యాసెట్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలంటే నా దగ్గరికే రావాలి. ఇందులో నా గొప్పేమీ లేదు. టేపు తిప్పే డెక్కు ఈ చుట్టుపక్కల నా ఒక్కడి దగ్గరే ఇంకా పనిచేస్తోంది. మిగతావాళ్లు వాళ్ల డెక్కుల్ని ఎప్పుడో పాత ఇనుముకి వేసేశారు. నేను ఏదీ పారేయలేను, అందుకని మా ఇంట్లో నాకు చెడ్డపేరు. ఇరవై ఏళ్లకు పైగా పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నాను. నా పనికి ఎవరైనా వంక పెడితే ఒంటికాలి మీద లేస్తాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకాన్ని. అలా ఒక ముసలామె మీద లేచాను. ఆమెకు చేసిన అన్యాయం ఎవరికైనా చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

ముందు పాత టేపుల సంగతి చెప్పాలి. లేకపోతే నేను చేసిన తప్పేమిటో తెలియదు.

ఆ రోజుల్లో మేము పెళ్లిళ్లు తీసిన కెమెరా సెకనుకు ఇరవై అయిదు బొమ్మలు తీసేది. అయితే ఏ బొమ్మా ఒక్కసారిగా తీసింది కాదు. అడ్డగీతల్లో ఒకటి విడిచి ఒకటి ముందు తీస్తుంది, మిగిలిన గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాత తీస్తుంది. రెండు సగాలూ కలిపితే ఒక బొమ్మ. పాత డబ్బా టీవీలో ఇది తెలిసేది కాదు. ఇప్పటి టీవీలో పెడితే, ఆ రెండు సగాల మధ్య కదిలిన మనిషి అంచులు దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. ఆ పళ్లు పోగొట్టడానికి సరైన పద్ధతి ఒకటుంది. ప్రతి సగాన్నీ విడదీసి, దాన్ని నిండు బొమ్మ చేసి, సెకనుకు యాభై బొమ్మలుగా ఉంచాలి. అప్పుడు కెమెరా చూసిన కదలికంతా అలాగే ఉంటుంది. సులువైన పద్ధతి ఇంకొకటుంది. ఒక సగాన్ని పారేసి, రెండో సగంతో సరిపెట్టుకోవడం. నేనెప్పుడూ సులువైనదే చేసేవాణ్ని. పెళ్లిలో ఎవరు పరిగెత్తుతారు కనక!

అక్కడితో ఆగానా అంటే, లేదు. ఇప్పటి పెళ్లివాళ్లందరికీ వీడియో సినిమాలా ఉండాలి. అందుకని నా కంప్యూటర్‌లో టైమ్‌లైన్ ఎప్పుడూ సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలకే పెట్టి ఉంటుంది. ఇరవై అయిదు బొమ్మల టేపుని తెచ్చి అందులో వేస్తే సెకనుకు ఒక బొమ్మ రాలిపోతుంది. రాలిపోతే ఎవరికి తెలుస్తుందిలే అనుకునేవాణ్ని. పైగా బాగున్న చోటల్లా పాట వేసి స్లో మోషన్ చేయడం నాకో అలవాటు.

మా వీధి చివర ఒక లేసుల కొట్టుంది. ఊళ్లల్లో ఆడవాళ్లు అల్లిన లేసు అక్కడికి వస్తే ఉతికించి, గంజి పెట్టించి, మడతలు వేయించి పై దేశాలకు పంపుతారు. ఆ కొట్టు షావుకారు భార్య ఒకరోజు తన పెళ్లి క్యాసెట్లు రెండు తెచ్చింది. దసరాకి ఇంటిల్లిపాదీ కూర్చుని చూద్దామనుకుంటున్నారట. పెళ్లి జరిగింది కోనసీమలో. మగపెళ్లివారు నరసాపురం నుంచి గోదావరి దాటి తరలివెళ్లారు. బస్సులూ కార్లూ మనుషులూ అన్నీ పంటు అనే పెద్ద బల్లకట్టు పడవ ఎక్కి అవతలి రేవుకు వెళ్లడం కెమెరామన్ తీరిగ్గా తీశాడు. పాత రోజుల గోదావరి కదా అని నాకూ ముచ్చటేసి, ఆ పంటు సీను సాంతం స్లో చేసి కింద పాట వేశాను.

పెన్‌డ్రైవ్ తీసుకుంటూ ఆవిడ అడిగింది.

"మరి ఈ క్యాసెట్లు ఏం చేయమంటారండీ?"

"గోదాట్లో కలిపేయండి అక్కగారూ" అన్నాను.

ఇది నేను అందరికీ చెప్పే మాటే. మా వైపు చిరిగిన దేవుడి పటాలూ, కిందటేటి పంచాంగాలూ, పోయినవాళ్ల కళ్లజోళ్లూ చెత్తకుండీలో వేయరు, గోదావరిలో వదులుతారు. పెళ్లి క్యాసెట్టంటే అందులో పోయిన తాతలూ నాయనమ్మలూ ఉంటారు. వాటిని చెత్తలో వేయమని ఎలా చెప్తాం? పని అయిపోయాక నా కంప్యూటర్‌లో ఆ ప్రాజెక్టు తుడిచేయడం కూడా అలవాటే. ఆరోజూ తుడిచేశాను.

పది రోజుల తర్వాత ఒక పొద్దున్న మామ్మ వచ్చింది. లేసుల కొట్టులో లేసు ఉతికే ముసలామె. చీర కుచ్చిళ్లు తడిగా ఉన్నాయి, చేతులు నీళ్లకి నాని తెల్లబడి ఉన్నాయి. గుమ్మం దగ్గర ఒక చెయ్యి గోడకి ఆనించి, కాలితో మెట్టు వెతుక్కుంటూ లోపలికి వచ్చింది.

"అమ్మగారి పెళ్లి ఈడియో మీరే సేశారంట కదండీ బాబూ?"

అవునన్నాను.

"పండక్కి ఆరింట్లో టీవీలో ఏత్తే సూశానండి. అందులో పంటు మీద తాడు ఇసిరినోడు ఒకడున్నాడండి. ఆ సొక్కా మావోడిదే. ఎత్తూ మావోడిదే. నడక మాత్తరం మావోడిది కాదు. మళ్లీ ఒక్కసారి సూపిత్తారా?"

వాళ్లది సముద్రపు ఒడ్డు, అంతర్వేది దగ్గర పల్లె. కొడుకు వేటకెళ్లేవాడు. వేసవిలో వేట నిషేధం ఉన్నన్నాళ్లూ ఇక్కడ పంటు మీద కూలికి వచ్చేవాడు. పెళ్లిళ్లూ అప్పుడే కాబట్టి ఆ వీడియోలో పడి ఉండొచ్చు. అదే ఏడాది చివర వాయుగుండం పట్టినప్పుడు పడవ తిరగబడింది. తోటివాళ్లు ఒడ్డుకు చేరారు, అతను చేరలేదు. మనిషి దొరకనే లేదు. అప్పటినుంచి మామ్మ చేపల గంప ముట్టుకోలేదు. ఊళ్లోకి వచ్చి లేసు ఉతికే పనిలో కుదిరింది. కొడుకుది రేషన్ కార్డు మీద అగ్గిపెట్టెలో సగం ఉండే ఫోటో తప్ప ఇంకేమీ లేదు.

పెన్‌డ్రైవ్ కాపీ ఒకటి నా దగ్గరుంది. ఎందుకైనా మంచిదని ఉంచుకున్నాను. తీసి ఆ ముక్క చూపించాను. ఒకతను తలకి తువ్వాలు చుట్టుకుని, భుజాన తాడు వేసుకుని, పంటు ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తాడు. తాడు రేవు మీదికి విసురుతాడు. గబగబా వెనక్కి తిరుగుతాడు. అసలు వేగంలో పదకొండు సెకన్లు ఉంటుంది. ఎక్కడా మొహం సరిగ్గా కనపడదు.

మామ్మ కుర్చీలో కూర్చోలేదు. తెరకి జానెడు దూరంలో తల పెట్టి, కుడికన్ను ఒకటే ఆనించి, తల అటూ ఇటూ తిప్పుతూ చూసింది. ఆమెకు నీటికాసులు. ఎడమకన్ను అప్పటికే పోయింది. కుడికన్ను గొట్టంలోంచి చూసినంతే కనిపిస్తుంది. ఉగాది దాకా ఉంటే గొప్పేనని రాజమండ్రిలో డాక్టరు చెప్పాడట.

"మా ఒడ్డున పడవలొచ్చేటప్పుడు మొగాల్లెవరు సూత్తారు బాబూ? అంత దూరానికి కనపడతాయా? ఇసకలో నడిసొచ్చేదాన్ని బట్టే ఎవరి మొగుడో, ఎవరి కొడుకో సెప్పేత్తాం. మావోడి ఎడం కాల్లో టేకు సేప ముల్లు దిగింది సిన్నప్పుడు. అప్పట్నించీ ఎడం కాలు ఏసేముందు సిటికంత ఆగుతాడు. కుంటు కాదండి. ఆగుతాడంతే. ఈడు ఆగట్లేదు, ఈడు ఎగురుతున్నాడు. రెండు కాళ్లూ ఎగరేత్తున్నాడు."

నా పనికి వంక పెట్టింది! అదీ, సగం కన్ను కూడా లేని ముసలిది! నాకు సర్రున కోపం వచ్చింది.

"కెమెరా ఏది చూస్తే అదే ఉంటుంది మామ్మా. నడక మార్చడానికి నేనెవర్ని? వాడు అలాగే నడిచాడు, అలాగే ఉంది."

ఆమె కాసేపు తెర వంకే చూసింది. తర్వాత చెంగుతో కన్ను తుడుచుకుంది.

"కోప్పడకండి బాబూ. అయితే మావోడు కాదులెండి."

వచ్చినట్టే గోడ పట్టుకుని మెట్టు దిగి వెళ్లిపోయింది. నేను నా పనిలో పడ్డాను. ఆ పూట అన్నం కూడా బాగానే తిన్నాను.

నెల తిరక్కుండా ఎవరిదో నాట్యం క్యాసెట్టు వచ్చింది. చిన్నపిల్లల అరంగేట్రం. ఎక్కించి ఇస్తే మర్నాడే తెచ్చి ముందు పడేశారు. మృదంగం ఒకచోట, పిల్ల కాళ్లు ఒకచోట పడుతున్నాయన్నారు. వాళ్ల మీదా లేచాను. వాళ్లు వెళ్లాక ఒక్కో బొమ్మా జరుపుకుంటూ చూశాను. పాదం పైన ఉంది. పక్క బొమ్మలో నేల మీద ఉంది. నేలకి తగిలే క్షణమే లేదు. అది నేను పారేసిన సగంలో పోయింది, లేదా సెకనుకి ఒకటి చొప్పున రాలిపోయిన వాటిలో పోయింది. టేపులో మాత్రం అది నిక్షేపంలా ఉంది.

మామ్మ చెప్పింది అక్షరాలా నిజం. పంటు మీద మనిషి ఎగరడం లేదు. నేను ఎగిరించాను. ఇరవై ఏళ్లుగా ఎన్ని వందల మంది నడకలు ఇలా చెడగొట్టానో! ఎవరూ చెప్పలేదు, ఎవరికీ అంత అవసరం లేకపోయింది. అవసరమున్న ఒక్క మనిషి వచ్చి చెబితే కసిరి పంపించాను.

చెప్పులేసుకుని లేసుల కొట్టుకి పరిగెత్తాను.

"అక్కగారూ, ఆ క్యాసెట్లు ఒక్కసారి ఇవ్వండి."

"ఇంకెక్కడి క్యాసెట్లండీ? మీరే కదండీ చెప్పారు! మొన్న కార్తీక స్నానానికి వెళ్లినప్పుడు పసుపూ కుంకుమా వేసి మరీ రేవులో వదిలేశాం."

లోపల తొట్టి దగ్గర మామ్మ లేసు జాడిస్తోంది. నా గొంతు విని తల ఎత్తింది కానీ నావైపు చూడలేదు. బహుశా నేను ఎటున్నానో తెలియలేదు.

ఇంక మిగిలింది నేను చెడగొట్టిన కాపీ ఒక్కటే. టేపు ఎక్కించే పాత కంప్యూటర్ వేరే ఉంది కానీ, అదీ ఆ వారంలోనే పవర్ సప్లై కాలిపోయి మూలన పడింది. బాగున్నా అందులో ఏమీ లేదని నాకు ఖాయంగా తెలుసు. నా చేత్తో నేనే ఖాళీ చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ కాపీనే పట్టుకుని కూర్చున్నాను. స్లో చేసినదాన్ని మళ్లీ అసలు వేగానికి తెచ్చాను. పోయిన బొమ్మల చోట కొత్తవి పుట్టించే సాఫ్ట్‌వేర్ ఉంది. ముందు బొమ్మనీ వెనక బొమ్మనీ చూసి, మధ్యలో ఏముండి ఉంటుందో అది ఊహించి గీస్తుంది. వారం రోజులు దానితో కుస్తీ పట్టి మామ్మకి కబురు పంపాను.

వచ్చింది. తెరకి కన్ను ఆనించింది.

"ఇప్పుడు ఎగరట్లేదు" అంది. నా ప్రాణం లేచొచ్చింది. "కానీ ఆగట్లేదు బాబూ. నూనె రాసినట్టు జారిపోతున్నాడు. అయినా మావోడు కాదన్నాక మీకెందుకండీ ఇంత కట్టం?"

"ఇంకా అవలేదు మామ్మా. రేపు రా" అన్నాను.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ అంటూ ఉండేది. నేను కడుక్కోవడానికి మళ్లీ అడుసులోకే దిగాను. ఆమె వెళ్లాక, అతని ఎడమకాలు లేచిన ప్రతిచోటా నాలుగు బొమ్మలు ఆపాను. ఏడుచోట్ల లేచింది, ఏడుచోట్లా ఆపాను. ఎక్కడ ఎంతసేపు ఆగేవాడో నాకు తెలియదు. ఆమె చెప్పిన మాట ఒక్కటే ఆధారం. ఉన్నదాన్నే తిరిగి పెడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధమని అప్పుడూ తెలుసు. అసలు ఆ మనిషి ఆమె కొడుకేనో కాదో కూడా నాకు తెలియదు. కానీ ఆమె చూపు రోజురోజుకీ తగ్గిపోతోంది, ఆమెను మళ్లీ కాదనిపించి పంపించే ధైర్యం నాకు లేదు.

మర్నాడు మామ్మ రాగానే వేశాను. మొదటిసారి తల అటూ ఇటూ తిప్పుతూ చూసింది. రెండోసారి పెదవులు కదిలాయి. మూడోసారి తెర మీద, అతని కాళ్ల దగ్గర, వేలు పెట్టింది.

"మావోడే" అంది.

ఆపొద్దంది. తిప్పి తిప్పి వేస్తూనే ఉన్నాను. కొట్టు నుంచి పిలుపు వచ్చేదాకా అలా వంగే నిలబడింది. ఏడవలేదు. వెళ్లేటప్పుడు నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"ఇంక సూపు పోయినా పర్లేదు బాబూ. ఆకర్ని ఆణ్ణి సూసుకున్నాను. ఇంకేటీ సూడకపోయినా పర్లేదు."

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆరోజు నాకు సంతోషమే వేసింది. పుణ్యం చేశాననే అనుకున్నాను.

డాక్టరు చెప్పినదానికంటే ముందే మామ్మ చూపు పోయింది. అయినా పని మానలేదు. తొట్టి దగ్గరికి వెళ్లడం కుదరదు కాబట్టి బల్ల ముందు కూర్చుని తడుముకుంటూ మడతలు వేసేది. వేళ్లతోనే పువ్వెక్కడో అంచెక్కడో పట్టేసేది. ఆ దారిన వెళ్లేటప్పుడు నేను పలకరించేవాణ్ని కాదు. చెప్పుల చప్పుడుని బట్టి ఆమే పలకరించేది. "బాగున్నారా బాబూ? మావోడు రోజూ కనపడతన్నాడండి" అనేది. బాగున్నానని చెప్పి గబగబా వెళ్లిపోయేవాణ్ని.

వానలు మొదలయ్యాక ఇంకెవరో క్యాసెట్లు తెచ్చారు. మూలనున్న పాత కంప్యూటర్ బాగు చేయించక తప్పలేదు. తెరిచి చూస్తే ఒక ఫోల్డర్‌లో పేరు లేని ఫైలు ఒకటి ఉంది. లేసుల కొట్టు వాళ్ల మొదటి క్యాసెట్టు ఎక్కించేటప్పుడు టేపు మధ్యలో బిగుసుకుపోయింది. మళ్లీ మొదటినుంచి ఎక్కించాను. ఆగిపోయిన ఆ మొదటి ముక్క అక్కడే ఉండిపోయింది. నేను తుడిచింది రెండోదాన్ని. అంత ఖాయంగా ఖాళీ అన్నవాణ్ని, ఒక్కసారైనా చూడలేదు!

పంటు సీను అందులో పూర్తిగా ఉంది. ఈసారి సరైన పద్ధతిలోనే చేశాను. సగాలు రెండూ విడదీసి, సెకనుకు యాభై బొమ్మలు, ఒక్కటీ పోకుండా. వేసి చూశాను.

అతను ఆగుతున్నాడు. ఎడమకాలు దించేముందు, మడమ గాలిలో ఉండగా, రెప్పపాటు కూడా లేనంత ఆగుడు. దాన్ని పూడ్చుకోవడానికా అన్నట్టు కుడికాలు కొంచెం తొందరగా పడుతోంది. నాకు ఆ కుడికాలి సంగతే తోచలేదు. తాడు విసిరి వెనక్కి వచ్చేటప్పుడు అసలు ఆగనే లేదు, దాదాపు పరిగెత్తాడు. నేను అక్కడ కూడా మూడుసార్లు ఆపాను. నేను ఆపిన చోటు వేరు, ఆపినంత సేపు వేరు. నేను చేసింది ఎవరో కాలు నొప్పి ఉన్న మనిషి నడక. ఇది ఆ కాలితోనే నడవడానికి అలవాటుపడిన మనిషి నడక.

ఆమె కొడుకే. అన్నాళ్లూ టేపులో ఆమె కొడుకే ఉన్నాడు.

రెండు రోజులు వెళ్లకుండా ఉండటానికి ప్రయత్నించాను. మూడోరోజు వెళ్లాను. మామ్మ బల్ల ముందు కూర్చుని టేబుల్ గుడ్డ మడత పెడుతోంది. పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మొదట చూపించిన ఎగురుడు నా తప్పని చెప్పాను. తర్వాత చూపించిన ఆగుడు నా చేత్తో పెట్టిందని చెప్పాను. అసలుది ఇప్పుడు దొరికిందనీ, అందులో ఉన్నది ఆమె కొడుకేననీ చెప్పాను.

ఆమె గుడ్డ అంచు చేతుల్లో తిప్పుతూనే ఉంది.

"ఇప్పుడు దొరికిందని సెబితే నేనెలాగండీ సూసేది?" అంది.

ఏం చేయాలో తోచక, బల్ల మీద రెండు వేళ్లతో కొట్టి చూపించాను. ఆ రెండు రోజుల్లో ఆ పదకొండు సెకన్లూ బొమ్మ బొమ్మా లెక్కపెట్టి ఉన్నాను. ఏ కాలు ఎప్పుడు పడుతుందో వేళ్లకు వచ్చేసింది. కుడికాలు. చిటికంత ఆగి, ఎడమకాలు. వెంటనే కుడికాలు. ఆగి, ఎడమ. వెంటనే కుడి. తర్వాత తాడు విసిరే చోట ఖాళీ. తర్వాత ఆగకుండా, గబగబా.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"మళ్లీ" అంది.

మళ్లీ కొట్టాను. మూడోసారికి ఆమె వేళ్లు కూడా బల్ల మీదికి వచ్చాయి. నాతో కలిసి కొట్టింది. నాలుగోసారి నేను ఆపేసినా ఆమె ఆపలేదు. ఎడమకాలు ఎంతసేపు ఆగాలో నాకంటే ఆమెకే బాగా తెలుసు. తాడు విసిరాక తొందరగా పడే అడుగులు కూడా తప్పకుండా కొట్టింది.

"ఇదీ మావోడు" అంది. కన్నీళ్లు చెంపల మీదుగా కారుతున్నా తుడుచుకోలేదు. నా కళ్లు కూడా నిండాయి, కానీ అది ఆమెకు కనపడదు.

కాసేపటికి మొహం నావైపు తిప్పింది.

"మరి ఇన్నాళ్లూ నేను కళ్లల్లో పెట్టుకున్నోడు ఎవరండీ బాబూ?"

కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నేనేం చెబుతానో అని, వేళ్లు బల్ల మీదే ఉంచి, ఎదురుచూస్తూ కూర్చుంది.